ముందు ఎవరి తల

మా అమ్మకు ఒక అలవాటు ఉండేది. పాలు తాగే బిడ్డ ఎవరింట్లో కనబడినా ముందు మాడు తడిమేది, తర్వాత చెవుల వెనక చూసేది, ఆ తర్వాతే ముద్దు పెట్టుకునేది. సంతలో వంకాయలు ఏరినట్టు ఊళ్ళోవాళ్ళ బిడ్డల తలలు తిప్పి తిప్పి చూడడం ఏమిటని చిన్నప్పుడు నాకు తల కొట్టేసినట్టు ఉండేది. నా కడుపున ఒకటి పుట్టాక గాని ఆ చూపు విలువ తెలియలేదు.

మా పుట్టిల్లు కోవిల్పట్టికి దగ్గర్లో ఒక నల్లరేగడి ఊరు. పత్తి, సజ్జ, మిరప తప్ప ఆ నేల ఇంకోదానికి ఒప్పుకోదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళం, గడప దాటితే అరవం. ఎప్పుడో తాతలనాడు ఉత్తరాన్నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం కాబట్టి మా తెలుగులో అరవం ఎంత కలిసిపోయిందో మాకే తెలియదు. తొలికాన్పుకు ఆ ఇంటికే వచ్చి ఆడపిల్లను కన్నాను.

పురుడు వెళ్ళిన కొన్నాళ్ళకే పిల్ల మాడు మీద పసుప్పచ్చని చెక్కు కట్టింది. దోసె పెనం అంచున అంటుకుపోయే జిడ్డులాగా పొరలు పొరలుగా ఉండేది. కనుబొమల్లోకి కూడా కాస్త దిగింది. నేను ఏడుపు మొహం పెట్టి అమ్మను పిలిచాను. ఆమె చూసి నవ్వింది.

"ఇది రోగం గాదు. బిడ్డకు దురద ఉండాదా? లేదు. పాలు బాగ తాగుతుండాదా? తాగుతుండాది. ఇంగ ఎందుకు బయపడేది? గోటితో గీరినావో, నీ చెయ్యి ఇరగ్గొడతాను."

సాయంత్రం గోరువెచ్చని నువ్వులనూనె మాడుకు పట్టించి వదిలేసేది. పొద్దున పెసరపిండితో కడిగి పాత పంచెగుడ్డతో మెల్లగా తుడిచేది. నానిన చెక్కు నానినంతవరకే ఊడి వచ్చేది. మిగిలినదాన్ని ముట్టుకునేది కాదు. పక్కింటామె వచ్చి చెక్కు కింద పురుగు ఉంటుందని, వేపాకు పసరు పోసి రుద్దాలని అంది. అమ్మ ఆమెకు చెంబెడు మజ్జిగ ఇచ్చి సాగనంపింది. కొన్ని వారాల్లో మాడు తేటపడింది.

ఇక పిల్లల తలల గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. చిన్న వయసు, మొదటి బిడ్డ. ఆ మాత్రం పొగరు ఉంటుంది.

అత్తగారి ఊరు విరుదునగరం దగ్గర. ఆ పట్నం పేరు మారి ఎన్నాళ్ళయినా మా మామ మాత్రం చివరిదాకా విరుదుపట్టి అనే అన్నాడు. ఆయన మా అమ్మకు సొంత అన్న. ఆయన ఒళ్ళో ఆడుకున్న పిల్లనే ఆయనకు కోడల్నయ్యాను. మంచివాడు, మొండివాడు. నాకు బిడ్డ పుట్టాక పొలం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని నేరుగా ఉయ్యాల దగ్గరికే వచ్చేవాడు. ఇంత ప్రేమ ఉన్న మనిషి అంత పని ఎలా చేశాడో అర్థం కావాలంటే మా ఇలవేలుపు సంగతి చెప్పాలి.

ఏళాయిరంపన్నై దాటాక తుమ్మచెట్ల నడుమ మా దేవతకు చిన్న గుడి ఉంది. ఆమెను కొలిచే వంశం రెండు కొమ్మలు. ఒక కొమ్మ మా అత్తింటివాళ్ళు, విరుదునగరం వైపు. రెండో కొమ్మ కోవిల్పట్టి వైపు, మా పుట్టింటికి దగ్గరే గాని వాళ్ళు వేరు. దేవత చీర, గజ్జెలు, గంట ఒక చెక్కపెట్టెలో ఉంటాయి. ఆ పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి మా మామ దగ్గర, ఇంకోటి కోవిల్పట్టి పెద్దాయన దగ్గర. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. పెట్టె తెరిస్తేనే, శివరాత్రి వచ్చే మాసి నెలలో పండగ. ఆ పండగలో తప్ప మా వంశపు పిల్లల పుట్టువెంట్రుకలు ఇంకెక్కడా తీయకూడదు. మగపిల్లాడైనా ఆడపిల్లయినా వరసగా మూడు మాసి పండగలకు గుండు చేయించాలి.

చిక్కంతా ఎక్కడంటే, మంగలి పీట మీద ముందు ఎవరి పిల్ల కూర్చుంటే ఆ కొమ్మకు మొదటి మర్యాద. మొదటి కొబ్బరిచిప్ప, మొదటి విభూతి వాళ్ళకే. నా పెళ్ళికి ముందే ఒక మాసికి రెండు కొమ్మలవాళ్ళూ ఒకేసారి పిల్లల్ని పట్టుకుని పీట దగ్గరికి పరుగెత్తారట. పీట విరిగింది. కర్రలు లేచాయి. పెద్దలిద్దరూ పెట్టెకు తాళాలు వేసి, చెవులు మొలలో దోపుకుని ఎవరి ఊరికి వాళ్ళు పోయారు. మొదటి తల మాదే అని ఒప్పుకునేదాకా తాళంచెవి తేనని ఇద్దరూ ఒకే శపథం పట్టారు.

ఈ మగవాళ్ళ పంతం పిల్లల నెత్తి మీదికి వచ్చింది. ఏటికేడు పుట్టే పిల్లలు పుడుతూనే ఉన్నారు, ఎవరికీ పుట్టువెంట్రుకలు తీయలేదు. మొక్కు జుట్టుకు కత్తెర తగలకూడదు. దువ్వెన గట్టిగా లాగకూడదు, ఒక వెంట్రుక తెగినా దేవత సొమ్ము తిన్నట్టే. కరిసలు, అదే నల్లరేగడి, దుమ్ములో ఆడి, చెమటపట్టి, ఆ జుట్లు ఉండలు కట్టుకుపోయేవి. మా వీధిలోకి వచ్చిన కొత్తవాళ్ళు ఇదేం బైరాగుల మఠమా అని అడిగేవాళ్ళు.

పిల్ల బాగా మాటలు నేర్చిన వయసులో ఒకరోజు తలంటుతూ వేళ్ళతో తడిమితే ఎడమ చెవి వెనక ఒకచోట గరుకుగా తగిలింది. జుట్టు పాయ తీసి చూశాను. చింతగింజంత చోటులో జుట్టు పలచబడి ఉంది. ఊడిపోలేదు, చర్మానికి కాస్త పైన తెగినట్టు ఉంది, సజ్జ కోసిన చేలో కొయ్యకాళ్ళు మిగిలినట్టు. మొదళ్ళలో బూడిదలాంటి పొట్టు. పిల్ల అక్కడే గీరుకుంటోంది. అమ్మ చెప్పిన మాట గుర్తుంది కాబట్టి దురద చూడగానే పిల్లను అత్త దగ్గరికి ఎత్తుకుపోయాను.

అత్త వెలుతురులోకి తీసుకుపోయి చూసింది.

"పేను కొరికిండాది, అంతే. చిన్నుల్లి కోసి రుద్దితే మొలుస్తాది. మా కాలంలో చూడనిదా?"

పేనుకొరుకుడుకు చిన్న ఉల్లిపాయ రుద్దడం మా వైపు అందరూ చేసేదే. ఉల్లి రుద్దాం. పిల్ల మంటకు కేకలు పెట్టేది. మచ్చ చింతగింజ నుంచి అణా కాసంత అయింది, పక్కన ఇంకోటి లేచింది. తలలు ఆనించి ఆడుకునే మా బావగారి పిల్లల్లో ఒకడు గీరుకోవడం మొదలుపెట్టాడు. ఇంతలో నా ముంజేతి మీద, పిల్ల తల ఆనించి పడుకునే చోట, ఉంగరంలాగా ఎర్రటి చుట్టు లేచింది. అది తామర అని చూసినవాళ్ళందరూ ఒప్పుకున్నారు. తల్లి చేతి మీద ఉంటే తామర, అదే బిడ్డ తల మీద ఉంటే పేనుకొరుకుడట! ఆ తెలివికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆయన విరుదునగరంలో పత్తి తూకాల దగ్గర పనిచేసేవాడు. ఆయన నోరు విప్పేది తక్కెడ ముందర మాత్రమే, ఇంట్లో తండ్రి ముందు గొంతు లేచేది కాదు. అయినా ఆసుపత్రికి పోదామంటే కాదనకుండా బండి కట్టించాడు. అత్త కూడా బండి ఎక్కింది. నాకు తోడు అనుకున్నాను. కాదు, జుట్టుకు కాపలా వచ్చింది.

డాక్టరు అరవాయన. కిటికీ దగ్గర బల్ల మీద పిల్లను కూర్చోబెట్టి భూతద్దం పెట్టి చూశాడు. చిన్న పట్టుకారుతో ఒక తెగిన వెంట్రుకను పట్టి లాగాడు. నొప్పి లేకుండా వచ్చేసింది, పిల్ల తల కూడా తిప్పలేదు. అప్పుడు నా చెయ్యి చూపించమన్నాడు. నేను చూపించకముందే ఆయనకు కనబడింది.

"ఇదీ అదీ ఒకటే" అన్నాడు అరవంలో. "పేనుకొరుకుడైతే చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు, దురద ఉండదు, ఇంకొకరికి అంటదు. ఇది తామర. వెంట్రుకలోకి దిగి దాన్ని విరుస్తుంది. ఉల్లిపాయ రుద్దితే పుండవుతుంది, అంతే."

జుట్టు కత్తిరిస్తే గాని మందు చర్మానికి అందదని చెప్పి కత్తెర తెమ్మన్నాడు. కత్తెర అనే మాట వినగానే అత్త పిల్లను చంకనేసుకుని గుమ్మం దాకా పోయింది.

"మొక్కు జుట్టు దొరా! అమ్మకు ఇయ్యకుండా తీసేదానికి లేదు. వంశం నాశనం అయిపోతాది."

"మీ అమ్మవారికి ఈ చీము కావాలా?" అన్నాడు ఆయన. కోపంగానే అన్నాడు. తర్వాత కాస్త చల్లబడి, మామూలు గొంతుతో నాకు అన్నీ చెప్పాడు. ఇచ్చిన లేపనం మచ్చల మీద, చుట్టూ కూడా పూయాలి. పిల్ల దువ్వెన, తువ్వాలు, దిండు వేరే పెట్టాలి. దిండుగుడ్డ ఉడకబెట్టాలి. ఇంట్లో మిగతా పిల్లల తలలు పాయపాయ తీసి చూడాలి. వాపు వస్తే పిండకూడదు, కొయ్యకూడదు, బోరికుపొడి కలిపిన వేడినీళ్ళ గుడ్డ వేయాలి.

లేచేముందు ఇంకో మాట అన్నాడు. "ఎప్పుడు గొరిగించినా ఈ తలను అందరికన్నా చివర గొరిగించు. ఆ కత్తిని మరిగే నీళ్ళలో వేయించు. లేకుంటే ఈ ఒక్క తల నుంచి ఊరందరి తలలకూ పోతుంది."

ఇంటికి వచ్చి ఆయన చెప్పినవన్నీ చేశాను, ఒక్క కత్తిరింపు తప్ప. లేపనం జుట్టు ఉండల మీద పేరుకుపోయేది, చర్మానికి చేరేది కాదు. బావగారి పిల్లవాడికి మచ్చ చిన్నదే, నుదుటి పైనే ఉంది కాబట్టి మందు అందింది, తగ్గింది. నా పిల్లకు తగ్గలేదు. మచ్చలన్నీ కలిసి చెవి వెనక మెత్తబడ్డ జామకాయలాగా వాపు లేచింది. ఒక్కో వెంట్రుక మొదట్లోంచి చీము ఊరేది. మెడ కింద బిళ్ళలు కట్టాయి. జ్వరం వచ్చింది. అప్పటిదాకా ఇల్లంతా తిరిగిన పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, "అమ్మా, తల తీసెయ్యి" అనేది. జుట్టు తియ్యమని కాదు, తల తీసెయ్యమని. నొప్పికి అలా అనేది.

మా ఇళ్ళల్లో కోడళ్ళు మామగారి ఎదుట నిలబడి మాట్లాడరు. తలుపు చాటున నిలబడి అత్తతో అన్నట్టుగా అంటారు, మామ గాలితో అన్నట్టుగా జవాబు చెబుతాడు. పెళ్ళికి ముందు ఆయన్ని నువ్వు అనేదాన్ని, పెళ్ళయ్యాక మీరు అనడం నేర్చుకున్నాను. ఆ రోజు ఆయన భోజనం చేసి అరుగు మీద కూర్చుని ఉంటే పిల్లను ఎత్తుకుని ఎదురుగా పోయి నిలబడ్డాను. కొంగులో కత్తెర ఉంది.

"మామా, నువ్వు ఈ తల చూడు."

ఆయన మొహం తిప్పుకున్నాడు. "మాసి రానీ. వాళ్ళు ఒప్పుకుంటారు."

"వాళ్ళు ఒప్పుకోరు, నువ్వూ ఒప్పుకోవు. నీ మర్యాద ఈ బిడ్డ నెత్తిన చీము పట్టి కూర్చునుండాది. నీ చేత్తోనే తడిమి చూడు. చూసినాక కూడా వద్దంటే చెప్పు, నేను ఇప్పుడే కత్తిరిస్తాను. అమ్మ నన్నే తిననీ, నా బిడ్డ బతకాల."

అత్త లోపలినుంచి నెత్తీనోరూ బాదుకుంది. మామ చెయ్యి చాచాడు. పిల్ల ఆయన ఒళ్ళోకి అలవాటుగా పోయి తల ఆయన అరచేతిలో పెట్టింది. ఆ వేడి ఆయనకు తగిలింది. చేతికి అంటిన చీమును చూసుకుంటూ కూర్చున్నాడు. మా మామ కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది అప్పుడే. కోపం వచ్చింది గాని, జాలి కూడా కలిగింది.

"కత్తెర లోపల పెట్టెయ్" అన్నాడు. "మాసి ముందరే ఉండాది. నేను కోవిల్పట్టికి పొయ్యొస్తాను."

మరునాడే రైలెక్కాడు. పోయేముందు డాక్టరు చెప్పిన మాట ఆయనకు మళ్ళీ చెప్పాను. మొదటి తల మనది కాకూడదు, చివరి తలే కావాలి, కత్తి మరగాలి. అన్నేళ్ళు మొదటి తల కోసం కొట్లాడిన మనిషి దగ్గర ఆ మాట అనడం నాకే కష్టంగా ఉంది. ఆయన తలూపి పోయాడు.

తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. నీళ్ళు తాగి చెప్పాడు.

"మొదటి తల మీదిగానే పెట్టుకోండి, మా బిడ్డ కడాసిలో, అందరి చివర, కూర్చుంటాది అన్నాను. ఆ ముసలాయన ఏమన్నాడో తెలుసునా? లేదు లేదు, ముందు మీరే పెట్టండి, మా మనవరాలే కడాసి అన్నాడు."

ఇంట్లో అందరికీ ఒళ్ళు మండింది. మనం చివర అడిగామని, చివరలో ఏదో గొప్ప ఉందనుకుని అదీ వాళ్ళకే కావాలంటున్నారని బావగారు ఎగిరాడు. నేనూ నమ్మాను. మనం బురద అడిగినా ఆ బురద మాకే కావాలనే రకం అనుకున్నాను. ఎలాగైతేనేం, తాళంచెవి తేవడానికి ఒప్పుకున్నారు, ఎవరు చివర అన్నది గుడి దగ్గర తేల్చుకుందామన్నారు. అప్పటిదాకా వేడినీళ్ళ గుడ్డ వేస్తూనే ఉన్నాను. జ్వరం కాస్త దిగింది, వాపు దిగలేదు.

పండగనాడు రెండు వైపులనుంచీ బండ్లు వచ్చాయి. పెట్టె తెరిచారు. తుప్పుపట్టిన తాళాలకు ఆముదం పోయాల్సి వచ్చింది. తుమ్మచెట్ల కింద పొంగళ్ళ పొయ్యిలు వెలిగించారు. పీట వేశాక మొదలైంది వేడుక. అన్నేళ్ళు మాది ముందు, మాది ముందు అని కర్రలు ఎత్తినవాళ్ళు ఇప్పుడు మీరు ముందు, మీరు ముందు అని వెనక్కి నెట్టుకుంటున్నారు. మంగలి కత్తి నూరుకుని నూరుకుని విసిగిపోయాడు.

"ఎవరో ఒకరు కూర్చోండి సామీ, పొద్దెక్కుతుండాది" అన్నాడు.

చివరికి మిగతా పిల్లల్ని ఇటొకరు అటొకరుగా కూర్చోబెట్టారు. ఒక్కో తల నున్నగా అవుతుంటే నేను దగ్గరికి పోయి చూస్తున్నాను, మా అమ్మ చూసినట్టే. ఒకరిద్దరికి సెగగడ్డల మచ్చలు, ఒకరికి చుండ్రు. తామర లేదు. అందరూ అయ్యాక మా పిల్ల, కోవిల్పట్టి పెద్దాయన మనవరాలు, ఈ ఇద్దరే మిగిలారు. ఆ పిల్ల నా పిల్లకన్నా కాస్త పెద్దది. తల చుట్టూ గుడ్డ కట్టి ఉంది. ఎండకు కట్టారనుకున్నాను.

ఈ ఇద్దరిలో ఎవరు చివర అని ముసలాళ్ళు మళ్ళీ గొంతులు పెంచారు. నేను వాళ్ళను వదిలేసి మంగలి దగ్గరికి పోయాను. కత్తిని మరిగే నీళ్ళలో వేయమన్నాను.

"పదును పోతాదమ్మా. నా కత్తికి ఏమైంది?" అని అతను ముడుచుకున్నాడు.

అప్పుడు ఆ పిల్ల తల్లి ముందుకొచ్చింది. మా కొమ్మలకు మాటల్లేవు కాబట్టి ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. కొంగుముడి విప్పి కొత్త కత్తి ఒకటి తీసింది.

"నీది అట్లే ఉండనీ. దీంతో గొరుగు. ఇది ఇంగొకరి తల మీదికి పోవద్దు. నీళ్ళు నేను మరగబెట్టిండాను" అంది.

నేను ఆమె మొహం చూశాను. ఆమె నా చేతి మీది మచ్చ చూసింది. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. కోవిల్పట్టి ఆసుపత్రిలో ఆమెకూ అదే మాట చెప్పారు, చివర గొరిగించు, కత్తి మరిగించు అని. ఆ ముసలాయన చివరి తల అడిగింది మా మీద పంతంతో కాదు. ఆయనా కోడలి మాట విని వచ్చినవాడే. ఇద్దరు పెద్దమనుషులూ ఎదురెదురుగా కూర్చుని కూడా మా బిడ్డ తలలో తామర ఉందని ఒకరికొకరు చెప్పుకోలేదు. మొక్కు జుట్టులో రోగం పుట్టిందంటే దేవత ఆ కొమ్మను తోసేసిందని ఎదుటివాళ్ళు అంటారని భయం.

ఆమె గుడ్డ విప్పింది. నడినెత్తి నుంచి మెడదాకా జుట్టు లేదు. వాపు లేదు, పొట్టు లేదు, చీము లేదు. తెల్లగా, ముడతపడి మెరుస్తున్న చర్మం. అంచుల్లో మాత్రం మొక్కు జుట్టు వేలాడుతోంది, దాని మొదళ్ళలో అదే బూడిద పొట్టు.

"పోయిన మాసికి ముందరే వచ్చింది అక్కా" అంది మెల్లగా. "జుట్టు తియ్యనిస్తే గదా మందు పూసేది? ఎవరో చెప్పినారని మా అత్త నల్లజీడి రసం పోసింది. కాలిపోయింది. మొన్న మచ్చ చుట్టూ మళ్ళా లేచింది, అప్పుడు ఆసుపత్రికి పొయినాం. జుట్టు వస్తాదా అక్కా?"

మరిగిన నీళ్ళలో కత్తి వేసి ఇద్దరు పిల్లల్నీ మేమిద్దరమే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాం. ఎవరు చివర అని ఇంకెవరూ అడగలేదు. గొరిగేటప్పుడు నా పిల్ల చీము మంగలి వేళ్ళ మీద కారింది. అతను మొహం చిట్లించలేదు, అది మాత్రం చెప్పాలి. తీసిన జుట్టును దేవత ముందు పెట్టి, నా పట్టుదల మీద, తర్వాత పొయ్యిలో వేశారు.

గుండు చేశాక మందు అందింది. వాపు చితికి, చీమంతా పోయి, పక్కు కట్టింది. కొంతకాలానికి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మేమిద్దరం విరుదునగరం డాక్టరు దగ్గరికి కలిసి పోయాం. అత్త ఈసారి బండి ఎక్కలేదు. ఆయన నా పిల్ల తల చూసి, వస్తుంది, కాస్త చోటు తప్పించి అంతా వస్తుంది అన్నాడు. రెండో పిల్ల తల మీద వేలితో చాలాసేపు తడిమాడు. చేతులు కడుక్కుని వచ్చి, జబ్బు పోయింది, ఇక భయం లేదు అని మాత్రం అన్నాడు. జుట్టు మాట ఆమె అడగలేదు. అడగకుండానే తెలిసిపోయిందనుకుంటాను. దారి పొడుగునా పిల్లకు మురుకులు తినిపిస్తూ కూర్చుంది.

ఆ ఏడాది మా మామకు పనేమిటంటే, రోజూ పొద్దున పిల్లను వెలుతురులో కూర్చోబెట్టి తల తడమడం. గోధుమ మొలకల్లాగా జుట్టు వస్తుంటే ఇంట్లో అందరినీ పిలిచి చూపించేవాడు. నాకు మనసు తేలికయ్యేది, అంతలోనే ఆ రెండో పిల్ల గుర్తొచ్చి మళ్ళీ బరువెక్కేది.

మరుసటి మాసికి రెండో గుండు. తాళంచెవులు రెండూ వేళకు వచ్చాయి. మా పిల్లకు జుట్టు ఒత్తుగా వచ్చింది, చెవి వెనక కాసంత చోటు తప్ప. కోవిల్పట్టి పిల్లకు అంచుల్లో ఉన్న జుట్టు కూడా మళ్ళీ రాలేదు. ఇక తామర ఎవరి తలలోనూ లేదు, కాబట్టి చివర కూర్చునే అవసరమూ ఎవరికీ లేదు. ముందు ఎవరు అన్న పాత మాట మళ్ళీ వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను. కోవిల్పట్టి పెద్దాయన మా మామ దగ్గరికి వచ్చాడు.

"ఇంగ మొదటి తల ఎప్పుడూ మీదే పెట్టుకోండి. అమ్మకు ఇచ్చేదానికి మా బిడ్డ కాడ ఏమీ లేదు" అన్నాడు.

మొదటి తల ఎప్పుడూ మీదే అన్న ఆ మాట వినడం కోసమే మా మామ అన్నేళ్ళు పెట్టె మూయించాడు. అది చెవిన పడ్డాక ఆయన పోయి ఆ పిల్లను తానే ఎత్తుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. మంగలికి ఏం చేయాలో తెలియలేదు. మా మామ వైపు చూశాడు. ఆయన "నడుపు" అన్నాడు. మంగలి ఆ నెత్తిన నీళ్ళు చల్లి, కత్తిని మడిచి, మడిచిన కత్తినే ముందు నుంచి వెనక్కి ఒకసారి మెల్లగా నడిపాడు. పిల్ల అది ఆటనుకుని నవ్వింది. దాని తల్లి నా భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మొదటి కొబ్బరిచిప్ప, మొదటి విభూతి ఆ పిల్ల చేతికే ఇచ్చారు. రెండు కొమ్మల మగవాళ్ళూ అక్కడే ఉన్నారు, ఎవరూ అడ్డు చెప్పలేదు.